పోయినేటి కీచకుడు

మొన్న ఆదివారం మేడ్చల్ డిపో దగ్గర వానకు ఓ టీ కొట్టు రేకుల కింద ఇరుక్కుపోయాను. నాతోపాటు నలుగురు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు. కొంపల్లిలో కొత్త ‘సూపర్‌మ్యాన్’ చూసి వస్తున్నారట. కాసేపటికి వాన తెరిపిచ్చింది గానీ వాళ్ళ లొల్లి తెరిపియ్యలేదు.

“కావిల్ లెక్క కటౌట్ ఎవనికుంది మామా? నిలబడితే దేవుడు దిగినట్టుండె. వీడేంది, మొదటి సీన్లనే తన్నులు తిని మంచుల పడ్డడు” అని ఒకడు. “దెబ్బ తగలనోని గురించి మనకు రందేముంటదిరా? వీడు తన్నులు తిన్నడు గాబట్టే నాకు మంచిగనిపిచ్చింది” అని రెండోవాడు. మూడోవాడి పట్టంతా చెడ్డీ మీద. 2013లో జాక్ స్నైడర్ తీసిన ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో ప్యాంటు మీది ఎర్ర చెడ్డీ తీసేశారు. ఇప్పుడు జేమ్స్ గన్ దాన్ని మళ్ళీ తొడిగాడు. పరువు తీసిండని వాడి బాధ. నాలుగోవాడు వాదించలేదు. ఫోన్లో 1978 నాటి క్రిస్టఫర్ రీవ్ ఫొటో తీసి అందరి ముక్కుల ముందూ పెట్టాడు. “ఇగో, అసలు చెడ్డీ!”

తీర్పు చెప్పమని నా వైపు తిరిగారు. “అంకుల్, మీరు జెప్పుండ్రి.” నాకు చిరాకేసింది. అంకుల్ అన్నందుకు కాదు, దానికి అలవాటు పడ్డాను.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా చిరాకుల జాబితా కంఠతా వచ్చు. హాల్లో ఫోను వెలిగించేవాళ్ళు, ఇంటర్వెల్ ఎత్తేయాలనే మేధావులు, సమోసాను మైక్రోవేవ్‌లో మెత్తబెట్టే క్యాంటీన్లు. వీటి తర్వాతది సినిమాకు హోంవర్కు. టికెట్ కొనుక్కుని కూర్చున్నవాడికి కావలసిందంతా ఆ రెండున్నర గంటల్లో ఆ సినిమానే ఇచ్చుకోవాలి. ముందు ఆరు సినిమాలు, రెండు సిరీస్‌లు చూసి రమ్మనడం, పెళ్ళి భోజనానికి పిలిచి పప్పు మీ ఇంటినుంచి తెచ్చుకోండనడం లాంటిది. ఈ పోలికల రోగం ఆ హోంవర్కు నుంచే పుట్టిందని నా నమ్మకం. తెర మీద ఒకడు ఎగురుతుంటే వీళ్ళు చూసేది వాణ్ణి కాదు, వాడి వెనక ఎగిరే పాతవాళ్ళని.

పాతవాళ్ళకు కొదవా? రీవ్ తర్వాత 2006లో బ్రాండన్ రౌత్, 2013లో హెన్రీ కావిల్, ఇప్పుడు డేవిడ్ కొరెన్‌స్వెట్. స్పైడర్‌మ్యాన్‌దైతే మరీ విడ్డూరం. 2002లో ఒకడు, 2012లో ఇంకొకడు, 2017కల్లా మూడోవాడు. చివరికి 2021లో ముగ్గురినీ ఒకే సినిమాలో నిలబెట్టారు. ఆ మాటకొస్తే మనకు మన సూపర్‌మ్యాన్ ఉన్నాడు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్. ఆయనకు శక్తులు క్రిప్టాన్ గ్రహం నుంచి రాలేదు, ఆంజనేయస్వామి ఇచ్చాడు. నలభై నాలుగేళ్ళ తర్వాత 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో తేజ సజ్జాకు కూడా ఆ స్వామి పుణ్యమే. ఈ సంగతి ఆ కుర్రాళ్ళకు చెబుదామనుకుని మానేశాను. వాళ్ళ జాబితాకు ఇంకో చెడ్డీ చేర్చడం ఎందుకు?

షామీర్‌పేట బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చాడు, పోయినేటి కీచకుడు.

మా అమ్మమ్మ ఊరు షామీర్‌పేట దాటాక తుర్కపల్లి దిక్కు. ఇప్పుడక్కడ జీనోమ్ వ్యాలీ బోర్డులు, కొవాగ్జిన్ తయారుచేసిన కంపెనీ, గాజు మేడలు. నా చిన్నప్పుడు అక్కడి సాయంత్రాల్లో జొన్నచేలు, తుమ్మచెట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. పంటలు ఇల్లు చేరాక ఎండాకాలంలో చిందు భాగోతులు ఊళ్ళోకి దిగేవాళ్ళు. చిందు మేళాల్లో ఆడవాళ్ళు కూడా వేషం కడతారు. చిందుల ఎల్లమ్మ పేరు విననివాళ్ళు తక్కువ. 2024లో గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చాక నగరంలోనూ నలుగురికి ఈ కళ పేరు తెలిసింది. మాకు అప్పుడు పేర్లతో పని లేదు. పగలంతా వాళ్ళ పెట్టె చుట్టూ తిరిగేవాళ్ళం. పొనికి చెక్క కిరీటాలు, భుజకీర్తులు, వాటికి అతికించిన రంగు కాగితాలు, అద్దం పెంకులు. ముట్టుకుంటే వీపు మీద ఒక్కటి పడేది.

పొద్దు వాలే వేళ కీచకుడి వేషగాడు పక్కింటి అరుగు మీద కూర్చుని ముఖానికి రంగు వేసుకునేవాడు. ఎడమ అరచేతిలో అర్దళం పొడి, దాని మీద రెండు చుక్కల నూనె. కుడి చూపుడు వేలితో గుండ్రంగా రుద్దితే పచ్చటి ముద్దయ్యేది. పగిలిన అద్దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నుదుటి నుంచి కిందికి పులుముకుంటూ వచ్చేవాడు. చెవుల వెనక వదిలేసేవాడు. అక్కడ అసలు ఒంటిరంగు అట్లాగే కనబడేది. పెదవుల మధ్య బీడీ ఆరకుండా ఈ పనంతా జరిగేది. కళ్ళ కింద కాటుక గీత పడగానే మేం ఒక్క అడుగు వెనక్కి వేసేవాళ్ళం. బీడీ అదే, దాని వెనక ముఖం మటుకు మారిపోయేది.

మా తాత వాకిట్లో నులక మంచం మీద నుంచి ఇదంతా చూస్తూ, ఆ మనిషికి వినబడేటట్టే అన్నాడు. “పోయినేటి కీచకుని కిరీటం గింత పొట్టిగ లేకుండె.”

ఎదురింటి ముసలాయన ఒప్పుకోలేదు. “కిరీటం ఎత్తుంటేంది, గొంతేది? తెల్లారెటాల్లకు బొంగురు వోయె.” ఇద్దరూ అంతకు ముందటేడు, దాని ముందటేడు అని తవ్వుకుంటూ పోయి రజాకార్ల కాలం కంటే ముందున్న ఒక కీచకుడి దగ్గర ఆగారు. ఆయన ఒక్కడే అసలు కీచకుడని ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. అరుగు మీది మనిషి తల ఎత్తలేదు. రంగు వేసుకుంటూనే ఉన్నాడు.

రాత్రి ఇద్దరు తెర పట్టుకున్నారు. వెనక నుంచి గజ్జెలు, మద్దెల, తాళాలు. తమరెవరని సూత్రధారి అడిగాడు. ప్రవేశ దరువులో జవాబొచ్చింది. విరటుని బావమరిదిని, ఈ రాజ్యానికి సేనాపతిని. ఒక్క దరువుతో పరిచయం సరి. పాండవులు జూదం ఎందుకు ఆడారో, పేర్లు మార్చుకుని ఈ ఊళ్ళో ఎందుకున్నారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వలలుడు గరిటె పట్టుకుని తెర దాటగానే జనంలోంచి ఈల లేచింది. వంటవాడికి ఈల ఎందుకు వేస్తారు? వాడు భీముడని అందరికీ తెలుసు గనక. పాత స్పైడర్‌మ్యాన్‌లు ఇద్దరూ కొత్త సినిమాలోకి అడుగుపెట్టినప్పుడు హాల్లో లేచింది కూడా ఆ ఈలే.

నడిజాముకు కీచకుడు సైరంధ్రి వెంటపడుతూ ఉన్నట్టుండి ఆగాడు. మద్దెలాయనకు చేత్తో సైగ చేసి మా తాత మంచం వైపు తిరిగాడు. “ఓ పెద్దమనిషీ! పోయినేటి కీచకుని కిరీటం పొడుగే. గని భీముడు కొట్టినప్పుడు గా కిరీటం యాడ నలుగుతదోనని చేత వట్టుకొని సచ్చిండట. నేను గట్ల సావ!” ఊరంతా గొల్లుమంది. అన్నట్టే, కోడి కూసే వేళకు భీముడి చేతిలో వాడు చచ్చిన చావు నేనింకే తెర మీదా చూడలేదు. మూడు మొగ్గలు వేసి పడ్డాడు. కిరీటం ఊడి దొర్లుకుంటూ పిల్లల మధ్యకొచ్చింది. పొద్దున మా తాత అడ్డెడు జొన్నలు ఎక్కువ కొలిపించాడు. మరుసటేడు ఇంకొకతను కీచకుడు కట్టి అరుగు మీద కూర్చుంటే మా తాత గొంతు సవరించుకుని, “పోయినేటి కీచకుడు...” అని మొదలుపెట్టాడు.

ఆ చావు అంత గొప్పగా కుదరడంలో మా తాత దెప్పిపొడుపుకు వాటా ఉందా లేదా? ఉందనే నా లెక్క. వేషగాడికి కథ చెప్పే పని లేదు, కథ ఊరి దగ్గరే ఉంది. అతని బలమంతా ఎట్లా చస్తే పోయినేటివాణ్ణి మరిపించగలనన్న దాని మీదే పెట్టుకోవచ్చు.

మాయాబజార్ సంగతీ అంతే. హోంవర్కు అక్కర్లేని సినిమాకు ఈ కాలమ్‌లో నేనెప్పుడూ చూపే ఉదాహరణ అదే. మరి 1957లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమాలో పాండవులెక్కడ? ధర్మరాజు లేడు, భీముడు లేడు, అర్జునుడు లేడు. పెళ్ళికొడుకు తండ్రి పెళ్ళి కథలో ఒక్కసారైనా తెర మీదికి రాడు. వాళ్ళు రాజ్యం పోగొట్టుకోవడం మనకు మాటల్లోనే తెలుస్తుంది. మూడు గంటల సినిమాలో ఆ లోటు ఎవరికీ తట్టదు. హోంవర్కు మన నాయనమ్మలు ముందే చేయించి పంపారు గనక. తీరా ఆ శశిరేఖ కథ వ్యాసుడి భారతంలోనే లేదు. అదీ ఎవరో ఒక పాత చెయ్యి చేర్చిందే.

అప్పట్లోనూ పోలికలు తప్పలేదు. సురభివాళ్ళ మాయాబజార్ నాటకం చూసినవాళ్ళు, 1936లో పి.వి.దాస్ తీసిన మాయాబజార్ చూసినవాళ్ళు హాల్లో ఉన్నారు. కృష్ణుడంటే ఈలపాట రఘురామయ్యే అనేవాళ్ళున్నారు. అంతకుముందు ‘సొంతవూరు’లో ఎన్టీఆర్ కృష్ణుడిగా కనబడితే జనం మెచ్చలేదని, అందుకే ఈసారి ఆయన వెనకాడారని, కె.వి.రెడ్డి పట్టుబట్టి ఒప్పించారని సినిమా చరిత్రకారులు రాశారు. అంటే ఎన్టీఆర్ కృష్ణుడు కూడా ఒకనాడు టీ కొట్ల కింద ఓడిపోయిన కొత్త వేషమే.

గన్ చేసింది ప్రవేశ దరువే. గ్రహం పేలడం, పసివాణ్ణి నౌకలో పెట్టి పంపడం, రైతు దంపతులు పెంచడం. రీవ్ సినిమాలోనూ కావిల్ సినిమాలోనూ ఇదంతా విస్తారంగా చూశాం. ఈసారి తెర మీద నాలుగు ముక్కల రాత, అంతలోనే వాడు దబ్బున మంచులో పడతాడు. గన్‌కు ఆ ధైర్యం ఎవరిచ్చారు? రేకుల కింద చెడ్డీ గురించి కొట్టుకునే ఆ నలుగురే, వాళ్ళలాంటివాళ్ళే. వాళ్ళు పాతవన్నీ మరిచిపోతే పాపం ఆయన మళ్ళీ క్రిప్టాన్ పేల్చుకుంటూ కూర్చోవాలి.

మరి మొదటిసారి చూసేవాడి గతి? టీ కొట్టాయన ఒక్క సూపర్‌మ్యాన్ కూడా చూసినవాడు కాదు. అల్లం దంచుతూ మధ్య మధ్య అడుగుతున్నాడు. ఆ నలుగురూ తమ తగవు ఆపకుండానే ఆయనకు ముక్కలు ముక్కలుగా అంతా అందించారు. ఆఖరికి ఆయన గిన్నె దించి, “అయితే పసిపోరని పెట్టెల వెట్టి ఏట్ల ఇడిసినట్టేనాయె, కర్ణుని లెక్క” అన్నాడు. కుర్రాళ్ళు ఒక్క క్షణం నోరు మూశారు. తర్వాత కర్ణుడి పాత్రలో ఎవరు గొప్పన్న దాని మీద కొత్త తగవు రాజుకుంది.

కథ జనం దగ్గరుంటే దర్శకుడికి సుఖమే అని కూడా అనుకోవద్దు. 2023లో ‘ఆదిపురుష్’ వచ్చినప్పుడు ఊరూరా తాతలు మంచాల మీద నుంచి లేచారు. హనుమంతుడి నోట ఆ మాటలేమిటని గోల పెడితే, సినిమా ఆడుతుండగానే సంభాషణలు మార్చారు. తెలిసినవాళ్ళ ముందు ఆడటంలో ఈలా ఉంటుంది, చెప్పూ ఉంటుంది.

ఏదో ఒకనాడు ఎవరో ఒకరు మాయాబజార్‌ను మళ్ళీ తీస్తామంటారు. తీయనివ్వండి. 2010లో రంగులద్దితేనే మనలో సగం మంది మూతి ముడుచుకున్నాం, మళ్ళీ తీస్తే ఇంకెంత రాద్ధాంతమో. తీసేవాళ్ళకు నాదొకటే షరతు, పాండవుల జోలికి పోవద్దు. ధర్మరాజుకు ఎవరి డేట్లు దొరుకుతాయని వెతకడం మొదలెట్టారంటే నాకు ఆ సినిమా మీద ఆశ పోయినట్టే. మిగతాది వాళ్ళిష్టం. ఘటోత్కచుడు ఎవరైనా సరే, ఎంత బాగా చేసినా సరే, ఇంటర్వెల్‌లో సమోసా పట్టుకుని “ఎస్వీఆర్ ముందు వీడేపాటి” అని నలుగురికీ వినబడేటట్టు అంటాను. వాడు వింటే ఇంకా మంచిది.