ఉస్మానాబాదు పరిశోధన – ఒక విమర్శ

మహారాష్ట్రలోని ఉస్మానాబాదు (నేటి ధారాశివ్) జిల్లా పల్లెలలో డాక్టరు శంకరనారాయణన్ బృందము 1999లో ఆరంభించిన పరిశోధన ఫలితములు 2009లో వెలువడినవి. 30 నుండి 59 ఏండ్ల స్త్రీలను 1,31,746 మందిని ఊళ్ళవారీగా, లాటరీ పద్ధతిని, నాలుగు వర్గములు చేసిరి. ఒక వర్గమువారికి గర్భాశయ ముఖద్వారమున హెచ్.పి.వి. అను వైరసు ఉన్నదేమో ఒక్కసారి పరీక్షించి, అవసరమైనవారికి చికిత్స చేసిరి. మరొక వర్గమునకు ఏ పరీక్షయు లేదు. ఎనిమిదేండ్లలో ముఖద్వార కాన్సరుతో మొదటి వర్గపు 34,126 మందిలో 34 మంది, పరీక్షలేని 31,488 మందిలో 64 మంది మరణించిరి. తక్కిన రెండు వర్గములకు చేసిన కణపరీక్ష, కంటితో చూచు పరీక్ష మరణములను చెప్పుకోదగినంతగా తగ్గింపలేదు. హెచ్.పి.వి. పరీక్ష ఆధిక్యమును ఇంత స్పష్టముగా నిరూపించుట పరిశోధకుల ఘనతయే.

అయినను ఒక ఆక్షేపణ కలదు. పరీక్షింపని వర్గము అవసరమా? ఆనాడు పల్లెలలో ఇట్టి పరీక్షలు ఎవరికిని అందుటలేదు గనుక ఉన్న స్థితినే ఉంచితిమని సమర్థకులందురు. కాని కణపరీక్ష ప్రాణములు కాపాడునని ఇతర దేశముల అనుభవము అప్పటికే చాటినది. మూడు పరీక్షలను పరస్పరము పోల్చినను ఏది మేలో తేలియుండెడిది.

ఈ అంకెలను తరగతిలో వివరించు ఉపాధ్యాయులు ఆ 64 మందిని గూర్చియు చెప్పవలెను.