ధర్మవరం చెరువులో గల్ పిట్ట

హిందూపురం దగ్గర వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెద్ద కొంగల్ని చాలామంది ఇప్పటికీ సైబీరియా కొంగలనే అంటారు. అవి ఎర్రకాళ్ల కొంగలు. ఈ గడ్డ మీదే పుట్టి, ఈ గడ్డ మీదే పిల్లల్ని చేస్తాయి. ఆ ఊరివాళ్లు వాటిని కంటికి రెప్పలా చూసుకుంటారు, అందుకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఒక పొరపాటు ఊరూవాడా పాకాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. అందుకే ఏ పిట్టకైనా పేరు పెట్టేముందు ఒకటికి రెండుసార్లు చూస్తాను.

ఈ చలికాలం ధర్మవరం చెరువు మరువ దగ్గర తెల్లటి పిట్ట ఒకటి నీళ్ల మీద తేలుతూ కనబడింది. మన చెరువుల్లో మామూలుగా తిరిగేది రివర్ టెర్న్. పసుపు ముక్కు, ఎర్ర కాళ్లు, చీలిన పొడవాటి తోక. ముక్కు కిందికి వంచి నీళ్లు చూసుకుంటూ ఎగిరి, దబ్బున దూకుతుంది. అది నీళ్ల మీద కూర్చోవడం అరుదు. ఇదేమో బాతులా నిమ్మళంగా తేలుతోంది. అంటే గల్.

ఏ గల్ అని తేల్చే అసలు పని అప్పుడే మొదలు. పల్లాస్ గల్ అయితే సైజే చెప్పేస్తుంది. చిక్కంతా బ్రౌన్-హెడెడ్ గల్, బ్లాక్-హెడెడ్ గల్‌ల మధ్యే. చలికాలం రెండింటికీ తల రంగు పోయి చెవి వెనక మచ్చ మిగులుతుంది. అందుకే రెక్క కొస చూడాలి. పెరిగిన బ్రౌన్-హెడెడ్‌కు కొస నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్ల మచ్చలుంటాయి, కన్ను పాలిపోయి ఉంటుంది. బ్లాక్-హెడెడ్‌కు కన్ను నలుపు, రెక్క ముందంచు వెంట తెల్లటి చార. తొలి ఏడాది పిల్ల దగ్గర కన్నును నమ్మలేం. బ్రౌన్-హెడెడ్ పిల్లకూ అది ముదురుగానే ఉంటుంది.

సూర్యుణ్ని వెనకేసుకుని కట్ట మీద నిలబడ్డాను. ఎండ ఎదురుగా ఉంటే బూడిద రంగు వీపు సరిగ్గా తెలియదు. పిట్ట లేచింది. రెక్క కొసంతా నలుపు, తెల్ల చార లేదు, తోక చివర నల్ల పట్టీ. బొమ్మ గీసుకున్నాకే పుస్తకం తెరిచాను. ముందే తెరిస్తే పుస్తకంలో ఉన్నదే పిట్టలో కనబడుతుంది. రెక్కను బట్టి బ్రౌన్-హెడెడ్, తోక పట్టీని బట్టి తొలి చలికాలపు పిల్ల అని రాసుకున్నాను.

లడాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పుట్టే జాతి ఇది. మన తీరాలకు రావాలంటే నేల మీదుగానే రావాలి, దారిలో నీళ్లుంటే దిగుతుంది. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్లు పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయర్ దాకా వచ్చాయి. నీళ్లు కొత్తచోట్ల నిలిస్తే పిట్టల రాకపోకలూ మారతాయి. ఎవరో ఒకరు రాసిపెట్టాలి. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర కలివికోడి అనే అరుదైన పిట్టను చూసి రాశాడు. మళ్లీ అది పక్షిశాస్త్రానికి దొరికింది 1986లో, కడప జిల్లాలో. మధ్యలో వెతికినవాళ్లకు అలాంటి పాత రాతలే ఆధారం.

బుక్కపట్నం చెరువులోనో గొల్లపల్లిలోనో ఇలాంటి పిట్ట కనబడితే, రెక్కలు విప్పినప్పుడు ఫొటో తీయండి. తేదీ, చోటు రాయండి. ఏ గల్లో తేలకపోతే ‘గల్, జాతి తేలలేదు’ అనే రాయండి. పిట్టల్ని నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో అలా రాసే వీలూ ఉంది.