నూతిలోని దేవయాని

దేవయాని కథను మనవారు యయాతి కథకు పీఠికగా మాత్రమే చదివి విడిచెదరు. నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వము చదివినవారికి కచుడు జ్ఞప్తియందుండును, యయాతి యుండును. నడుమనున్న బాలికల జగడము వట్టి చీరల తారుమారుగా మిగిలిపోవును. కథకు ప్రాణమక్కడనే యున్నదని మా అభిప్రాయము.

జలక్రీడకు పోయిన కన్యల చీరలు గాలికి కలసిపోయెను. అసురరాజు వృషపర్వుని కూతురు శర్మిష్ఠ తెలియక దేవయాని చీర కట్టుకొనెను. శిష్యురాలవై నా చీర యెట్లు కట్టితివని ముందుగా తూలనాడినది దేవయానియే. ఆమెను కేవలము నిర్దోషిగా చూపుట న్యాయము కాదు. కాని శర్మిష్ఠ ఇచ్చిన బదులు చీరను గూర్చినది కాదు. నీ తండ్రి మా తండ్రిని పొగడి, చేయిచాచి బ్రదుకువాడని యామె యనెను. పిదప దేవయానిని నూతిలో త్రోసి, చచ్చెనని తలచి యిల్లు చేరెను.

తక్కిన కన్యలేమి చేసిరి? కథ వారికి ఒక్క మాటయైన నీయలేదు. ఫిన్లాండు దేశమున సాల్మివల్లి మున్నగువారు 1996లో పండ్రెండు, పదమూడేండ్ల విద్యార్థులను పరిశీలించిరి. తోటివారిని పీడించుట ఇరువురి నడుమ మాత్రమే జరుగు పని కాదనియు, వంతపాడువారు, నవ్వువారు, తప్పుకొనువారు, అడ్డుపడువారు అందరును అందు పాత్రధారులే యనియు తేల్చిరి. ఆ నీటిగట్టున అడ్డుపడినవారు లేరు.

ఇక శుక్రుడు. బాలబాలికలు తెలివిమాలి పెంచుకొను వైరమును ప్రాజ్ఞులు తలకెత్తుకొనరాదని, ఓర్చినవాడే గెలిచినవాడని ఆయన కూతునకు చెప్పినట్లు సంస్కృత మూలమున నున్నది. పరభాషాప్రాంతములలో తరతరములుగా కాపురమున్న మన యిండ్లకు ఈ మాట క్రొత్తది కాదు. మాటతీరునకో, తండ్రి వృత్తికో బడిలో ఎగతాళిపడి వచ్చిన పిల్లతో, "ఊరివారితో తగవెందుకమ్మా, ఓర్చుకో" అందుము. శుక్రుడును అసురుల నడుమ నున్న పరాయివాడే గదా! దేవయాని అడిగినది ఓర్పు పాఠము కాదు. ఆ నింద నిజమేనా యని. నీవు స్తుతిపాఠకుని బిడ్డవు కావని తండ్రి చెప్పెను గాని, అవమానించువారి నడుమ ఎట్లు బ్రదుకవలెనో చెప్పలేదు. ఆమెది మంకుపట్టని కొందరందురు. మాకట్లు తోచదు.

తరువాత ఆయన ఒక్కసారిగా రెండవ కొసకు పోయెను. రాజ్యము విడిచిపోదునని బెదరించెను, వృషపర్వుడు జంకెను, శర్మిష్ఠ వేయిమంది కన్యలతో దేవయానికి దాసియయ్యెను. నూతిలోని పిల్ల పైకి వచ్చినది, పైనున్న పిల్ల క్రిందికి పోయినది. తండ్రులిరువురును తగవు తీరెననుకొనిరి. యయాతివలన శర్మిష్ఠకు బిడ్డలు కలిగిన సంగతి తెలిసి, దేవయాని మరల ఏడ్చుచు పుట్టింటికి పోయెను. అప్పుడు కూడ ఆ చెలులిద్దరును నూతి మాట ఎత్తినట్లు కథలో లేదు.