చీకటిగదిలో ఎర్రదీపం

మొక్కలలోని జీవగడియారాన్ని గూర్చి వ్రాసే పుస్తకాలు చాలావరకు 1729 నాటి ఒక ప్రయోగంతో మొదలవుతాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ అత్తిపత్తి వంటి మొక్క నొకదానిని చీకటిలో ఉంచాడు. పగటివేళ దాని ఆకులు యథాప్రకారం విచ్చుకొన్నవి, రాత్రికి ముడుచుకొన్నవి. కాబట్టి మొక్కలో గడియారం ఉన్నదని ఆయన ఋజువు చేశాడంటారు. ద మెరాన్ ఆ మాట అననేలేదు. మొక్క సూర్యుని చూడకుండానే ఎట్లో గుర్తిస్తున్నదని మాత్రమే ఆ నివేదికలో ఉన్నది. వెలుతురు చొరని చోటికి పగటి వేడి చొరవచ్చు కదా!

అసలు పరీక్ష వేరు. గడియారం మొక్కదే అయితే, బయటి సూచనలు లేనప్పుడు అది సరిగా 24 గంటలే చూపవలసిన పనిలేదు. రోజురోజుకూ కొంచెం ముందుకో వెనుకకో జరగాలి. 1832లో ద కందోల్ ఎడతెగని వెలుతురులో ఉంచిన అత్తిపత్తికి 22, 23 గంటల లయ కనిపించింది. అయితే 20వ శతాబ్దపు తొలి దశకాలలో రోజ్ స్టోపెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞురాలు చీకటిగదిలో పెట్టిన చిక్కుడుజాతి మొక్కల ఆకులు ఏనాడైనా తెల్లవారుజామున 3, 4 గంటల మధ్యనే పూర్తిగా వాలేవి. లోపలి గడియారం ఇంత కచ్చితంగా ఉండజాలదనీ, గాలిలోని విద్యుత్తు వంటి బాహ్యశక్తి ఏదో పనిచేస్తున్నదనీ ఆమె భావించారు. ఆ తర్కంలో దోషం లేదు. దోషం దీపంలో ఉన్నది.

ఆమె ఉదయంపూట నీళ్లు పోయడానికి మసక ఎర్రదీపంతో గదిలోకి వెళ్లేవారు. ఆకుల కదలికపై ఎరుపు కాంతికి ప్రభావం లేదని ఆనాటి వారందరి నమ్మకం. ఎర్విన్ బ్యూనింగ్, కుర్ట్ స్టెర్న్ అనే ఇద్దరు ఇదే ప్రయోగాన్ని బంగాళాదుంపలు నిలవచేసే ఒక నేలమాళిగలో చేశారు. ఆ చోటు దూరం కావడంతో పొద్దువాలిన తరువాత వెళ్లేవారు. ఆకులు వాలే వేళ పగలు 10, 12 గంటల మధ్యకు మారిపోయింది! ఎర్రదీపం మానివేయగా లయ సుమారు 25.4 గంటలకు తేలింది. గడియారం మొక్కదే, దానిని రోజూ సరిదిద్దుతున్నది ఆ దీపం. 1930 నాటి ఈ సవరణను విడిచి 1729తో పాఠం ముగించడం విద్యార్థికి అన్యాయం.

బ్యూనింగ్ కథ ఒక్కటే చెప్పినా చాలదు. ఎరుపు ఒక్కటే ముల్లు తిప్పుతుందని పొరబడవచ్చు. ఎరుపును పట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యాన్ని 1959లో అమెరికాలో గుర్తించారు. నీలికాంతిని పట్టే క్రిప్టోక్రోమ్ 1993లో తెలిసింది. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్నమొక్కలో మసక ఎరుపుకు ఒక ఫైటోక్రోమ్, గాఢమైన ఎరుపుకు మరొకటి, నీలానికి క్రిప్టోక్రోమ్ గడియారానికి కబురు చేరవేస్తాయని 1998లో తేలింది. ఈ పరిజ్ఞానం వచ్చిన తరువాత కూడా 'వెలుతురు' అనే ఒక్క మాటతో పాఠం సరిపెట్టడం తగదు.

పాఠశాల ప్రయోగాలలో ఈ పొరపాటు మరీ సులభం. చిక్కుడు మొక్కను పెట్టెలో మూసి, రోజూ ఒకే వేళకు టార్చిలైటుతో చూస్తే మిగిలేది స్టోపెల్ పొందిన ఫలితమే. టార్చికి ఎర్రకాగితం చుట్టడం మందు కాదు. ప్రయోగశాలలలో వాడే పచ్చదీపం కొంత మేలేగాని, ఫైటోక్రోమ్ పచ్చకాంతిని కూడా కొద్దిగా పీల్చుకొంటుంది. పరిశీలన పట్టికలో ఉష్ణోగ్రతకు ఒక గడి కేటాయించేవారు, దీపం వెలిగించిన వేళకూ దాని రంగుకూ మరొక గడి చేర్చవలసి ఉన్నది.