లాగేది ఒకవైపు, లోపం మరోవైపు

బ్రేకు తొక్కగానే కారు ఎడమకు గుంజుతోందంటే ఎవరైనా ఎడమ చక్రాన్నే అనుమానిస్తారు. కోల్‌కతాలో అంబాసిడర్ కార్ల మధ్యే పెరిగి పెద్దవాళ్ళయిన మిస్త్రీలు, అంటే మెకానిక్కులు, మాత్రం ముందు కుడి చక్రం దగ్గర కూర్చుంటారు. బ్రేకు గట్టిగా పడుతున్న వైపుకే బండి లాగుతుంది. అంటే చాలాసార్లు పనిలో వెనకబడింది రెండోవైపు చక్రమే.

ఈ నైపుణ్యం ఆ ఊళ్ళో పాతుకుపోవడానికి కారణం ఉంది. 1942లో మొదలైన హిందూస్థాన్ మోటార్స్ 1948లో గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి కోల్‌కతా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపాడాకు తరలివచ్చింది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా 1950ల చివర్లో అక్కడ మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెల దాకా సాగింది. ఇంజన్లు మారాయి, ముందు గ్రిల్లు మారింది, కొన్ని మోడళ్ళకు డిస్క్ బ్రేకులూ వచ్చాయి. కానీ డ్రమ్ము బ్రేకులతో తిరిగిన పసుపు టాక్సీలు దశాబ్దాల పాటు అవే జబ్బులతో అవే చేతుల్లోకి వచ్చాయి. తండ్రి విప్పిన డ్రమ్మునే కొడుకూ విప్పాడు.

అంబాసిడర్ ముందు చక్రంలో రెండు బ్రేకు షూలు, ఒక్కోదానికి ఒక్కో వీల్ సిలిండర్ ఉంటాయి. బండి ముందుకు పోతున్నప్పుడు, తిరుగుతున్న డ్రమ్ము షూను తనవైపు లాక్కుని ఇంకాస్త బిగిస్తుంది. అందుకే బూస్టర్ లేకపోయినా అంత బరువైన బండి ఆగేది. అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఒక షూ మీది లైనరుకు గ్రీజు అంటినా, ఒక సిలిండర్లోని పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకున్నా ఆ చిన్న తేడా కూడా రెట్టింపై స్టీరింగ్ దాకా వస్తుంది. పెడల్ తొక్కినప్పుడు ద్రవంలో పుట్టే ఒత్తిడి రెండువైపులా సమానమే కాబట్టి, లోపాన్ని మాస్టర్ సిలిండర్లో కాక చక్రాల దగ్గరే వెతకాలి. చక్రానికి వెళ్ళే రబ్బరు హోస్ దీనికి మినహాయింపు. పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి దారి మూసేస్తుంది. అప్పుడు ఆ చక్రానికి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, పడ్డాక త్వరగా వదలదు.

మంచి మిస్త్రీ ముందే రెంచి పట్టడు. టైర్లలో గాలి సమానంగా ఉందా, ఒకటి కొత్తది ఒకటి అరిగింది వేశారా, స్టీరింగ్ జాయింట్లు వదులయ్యాయా అని చూస్తాడు. తర్వాత ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద నెమ్మదిగా నడిపి బ్రేకు వేసి చూస్తాడు. ట్రాము పట్టాలున్న చోట ఈ పరీక్ష పనికిరాదు. ఒక చక్రం తడి ఉక్కు మీద, ఇంకోటి రోడ్డు మీద ఉంటే మంచి బండి కూడా పక్కకు పోతుంది. తిరిగొచ్చాక అరచేతిని ఒక్కో చక్రానికి దగ్గరగా పెట్టి వేడి చూస్తాడు, డ్రమ్మును తాకడు. బ్రేకులు వేస్తూ నడిపినా చల్లగా ఉన్న చక్రం పనిచేయనిది. బ్రేకు పెద్దగా వాడకపోయినా కాలిపోతున్నది పట్టేసి వదలనిది. జాకీ వేసి, ఒకరి చేత పెడల్ తొక్కించి వదిలిస్తూ చక్రం తిప్పి చూస్తే ఆ అనుమానం తేలిపోతుంది.

ఆ తర్వాతే డ్రమ్ము ఊడుతుంది. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదడం పాత అలవాటు, దాన్ని మానాల్సిందే. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవడం మేలు. సిలిండర్ రబ్బరు అంచు వెనక్కి మడిచి చూస్తే తడి కనిపించిందా, అది కారుతున్నట్టే. అక్కడ కొత్త రబ్బర్ల కిట్ వేయాలి. సిలిండరు గోడ గరుకెక్కి ఉంటే సిలిండరే మార్చాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోల్‌కతా ఉక్కపోతలో, నెలల తరబడి నిలబడిపోయిన బండిలో, పిస్టన్లు తుప్పు పట్టడానికి అంతకంటే వేరే కారణం అక్కర్లేదు. ఆ భాగాలను కిరోసిన్‌తో కడిగితే రబ్బరు ఉబ్బిపోతుంది. స్పిరిట్ గానీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ వాడాలి.

ఆయిల్ పీల్చుకున్న లైనరును ఇసుక కాగితంతో రుద్ది మళ్ళీ బిగించేవాళ్ళున్నారు. పైకి శుభ్రంగా కనిపించినా వేడెక్కగానే లోపలి ఆయిల్ పైకి వస్తుంది. దాన్ని మార్చక తప్పదు, అదీ రెండువైపులా కలిపి. డ్రమ్ము కోలగా అరిగితే లేత్ మీద పెట్టాలి, అక్కడా జంటగానే. కొత్త షూ డ్రమ్మును నిండుగా తాకుతోందో లేదో చూడాలంటే డ్రమ్ము లోపల సుద్ద రాసి, చక్రం తిప్పుతూ ఒకసారి బ్రేకు వేసి, విప్పాలి. లైనరు మీద తెల్లగా అంటిన చోటే తాకినట్టు. మొదట్లో అంచులే తాకుతుంటే ఆ ఎత్తును కాస్త ఆకురాయితో తీస్తారు. చివరికి రెండు షూలనూ విడివిడిగా, డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి తిప్పి, బ్రేకు పైపుల్లోని గాలి తీస్తారు.

నాకు ఏమాత్రం నచ్చని పద్ధతి ఒకటుంది. నీరసించిన చక్రాన్ని బాగుచేయకుండా, బాగున్న చక్రాన్నే వదులు చేయడం. బండి తిన్నగా పోతుంది, యజమాని సంతోషంగా డబ్బిచ్చి వెళతాడు. కానీ పెడల్ కిందికి దిగుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. ముందు రోడ్డు దాటుతున్న మనిషికి ఆ సంగతి తెలియదు. పది నిమిషాల్లో గుంజుడు పోయిందని చెప్పే షెడ్డులో ఏ చక్రం ఎందుకు సర్దారో తప్పక అడగాలి.

వర్షాకాలంలో కోల్‌కతాలోని ఠంఠనియా లాంటి చోట్ల మోకాలిలోతు నీళ్ళలోంచి వచ్చిన బండి కొంతదూరం పక్కకు లాగితే అది జబ్బు కాదు. ఒక డ్రమ్ము తడిగా ఉంది, ఇంకోటి ఆరింది, అంతే. నెమ్మదిగా పోతూ పెడల్‌ను తేలిగ్గా తొక్కుతూ ఉంటే ఆరిపోతుంది. ఆరాకా లాగుతుంటే అప్పుడు షెడ్డుకు తీసుకెళ్ళాలి. ఇక కొత్త లైనర్లు వేసిన బండి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ జాకీ ఎక్కాలి. డ్రమ్ముతో కుదురుకునేటప్పుడు లైనర్లు అరుగుతాయి, రెండు చక్రాలూ ఒకేలా అరగవు.