తూము వెడల్పు, చెరువు లోతు

కంప్యూటర్ తెర మీద కనబడే ప్రతి దృశ్యాన్ని లెక్కగట్టి, గీసి, తెరకు పంపే ప్రత్యేక భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. ప్రాసెసర్ కొద్దిపాటి పనులను ఒకదాని వెంట ఒకటిగా అతి వేగంగా ముగించే నేర్పు గలదైతే, గ్రాఫిక్స్ కార్డులోని చిప్పు వేల చిన్న లెక్కలను ఒకేసారి చేసే నేర్పు గలది. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుండే మామూలు తెరపై ఒక్క దృశ్యానికి 20,73,600 చుక్కల రంగును తేల్చవలసి ఉంటుంది. ఆట తడబడకుండా సాగాలంటే సెకనుకు 60 దృశ్యాలు, అంటే దృశ్యానికి 16.7 మిల్లీసెకన్ల వ్యవధిలో ఆ పని పూర్తికావాలి. ఇంత పని చేసే వస్తువును ఒకే ఒక్క అంకె చెప్పి అమ్మడం, ఆ అంకె అడిగి కొనడం వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడింటిలోనూ అలవాటైపోయింది. ఈ వారం హనుమకొండలో ఒక దుకాణం అద్దానికి అతికించి ఉన్న ధరల కాగితంలో కార్డుల పేర్లు లేవు. "4 జీబీ", "6 జీబీ", "8 జీబీ" అన్న మూడు వరుసలు, వాటికెదురుగా మూడు ధరలు మాత్రమే ఉన్నాయి. ఈ శీర్షిక చాలాకాలంగా చేస్తున్న ఫిర్యాదుకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ అంకె చెప్పేది కార్డు సొంత మెమరీ, అంటే వీర్యామ్, ఎంత పడుతుందన్న విషయం ఒక్కటే. ఆటలోని గోడలకు, చెట్లకు, మనుషుల ముఖాలకు పైపొరగా పరిచే బొమ్మలను టెక్స్చర్లు అంటారు. వాటిని ముందుగానే నిలవ చేసుకొని చిప్పు అడిగినప్పుడల్లా అందించడం వీర్యామ్ పని. నిలవ ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, ఆ నిలవలోంచి సెకనుకు ఎంత బయటికి వస్తుందన్నది మరో ప్రశ్న. ధరల కాగితం మొదటిదానికే జవాబిస్తుంది.

చెరువుల ప్రస్తావన లేకుండా ముగిసిన వారాలు ఈ శీర్షికలో తక్కువని పాఠకులకు తెలుసు; అయినా ఈ తేడాను వివరించడానికి కాకతీయుల నేలలో చెరువును మించిన ఉపమానం దొరకదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచీ నిలిచి ఉన్నాయి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక చూడవచ్చేవారు పెరిగారు. అలా వచ్చేవారు కట్ట మీద నిలబడి నీటి విస్తీర్ణాన్ని చూసి చెరువు గొప్పదనాన్ని అంచనా వేస్తారు. ఆయకట్టు రైతు చూపు మాత్రం నీటి మీద కంటే తూము మీద ఎక్కువగా నిలుస్తుంది. తూము అంటే కట్ట అడుగు నుంచి నీటిని కాలువలోకి వదిలే దారి. చెరువు నిండుకుండలా ఉన్నా తూము ఇరుకైతే, నాట్ల వేళ అందరి మళ్లకూ ఒకేసారి నీళ్లు కావలసి వచ్చినప్పుడు చివరి మడికి తడి అందదు. తూము ఎప్పుడు ఎంత తెరవాలో, ఎవరి వంతు ఎప్పుడో చూసే నీరటికాడికి ఊళ్లో ఉండిన గౌరవం ఈ లెక్క తెలిసినందువల్ల వచ్చిందే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టినప్పుడు జనం కళ్లకు కనబడింది ట్రాక్టర్లలో తరలిపోయిన పూడికమట్టి. కాని ఆ పథకంలో కట్ట, తూము, మత్తడి, కాలువల మరమ్మతు కూడా ఉండటం సరైన ఆలోచన, ఎందుకంటే పూడిక తీస్తే పెరిగేది లోతు, పొలానికి నీరు చేరవేసేది తూము.

గ్రాఫిక్స్ కార్డులో తూము వెడల్పును బిట్లలో చెబుతారు. ఎన్విడియా 2021 ఫిబ్రవరిలో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ మెమరీ, 192 బిట్ల దారి ఉన్నాయి. ఒక్కో బిట్టు దారిలో సెకనుకు 15 గిగాబిట్లు పోతాయి గనుక 192ను 15తో హెచ్చించి, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 8తో భాగిస్తే, సెకనుకు 360 గిగాబైట్ల ప్రవాహం వస్తుంది. అదే పేరుతో తర్వాత వచ్చిన 8 జీబీ కార్డుకు దారి 128 బిట్లే, ప్రవాహం 240 మాత్రమే. ఆర్‌టీఎక్స్ 3050 సంగతీ ఇంతే: 2022లో వచ్చిన 8 జీబీ కార్డుకు 128 బిట్లు, 2024లో వచ్చిన 6 జీబీ కార్డుకు 96 బిట్లు; రెండో దానిలో చిప్పు శక్తిని కూడా తగ్గించారు. అన్నిటికంటే అన్యాయమైన ఉదాహరణ జీటీ 1030. 2017లో అది సెకనుకు 48 గిగాబైట్లు అందించే జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. మరుసటి ఏడు అదే పేరుతో, అదే 2 జీబీ అంకెతో, సెకనుకు 16.8 గిగాబైట్లకు మించని డీడీఆర్4 మెమరీతో ఇంకొకటి వచ్చింది. జీబీ అంకెను మాత్రమే చూసి కొన్నవారికి చెరువు అదే దక్కింది, తూము మాత్రం మూడో వంతుకు కుదించుకుపోయింది. పేరును బట్టి వస్తువును నమ్మవచ్చునన్న కనీస భరోసాను ఇలాంటి పేర్లు దెబ్బతీస్తాయి, ఆ దెబ్బ తగిలేది డబ్బు తక్కువ ఉన్నవారికే.

అయితే బిట్ల సంఖ్యను కూడా ఒంటరిగా నమ్మరాదు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060కి 128 బిట్లే ఉన్నా, చిప్పులోపలే 24 మెగాబైట్ల క్యాష్ ఉంది. క్యాష్ అంటే మాటిమాటికీ అవసరమయ్యే సమాచారాన్ని చిప్పు పక్కనే దాచే చిన్న నిలవ. ఏఎండీ 2021లో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6600లో ఆ నిలవ 32 మెగాబైట్లు. పొలం పక్కనే ఒక కుంట ఉన్న రైతు ప్రతి తడికీ పెద్దచెరువు తూము వైపు చూడనక్కర లేనట్టే, క్యాష్ పెద్దదైన చిప్పు ఇరుకు దారితోనూ నెట్టుకొస్తుంది.

పాత కంప్యూటర్లో కొత్త కార్డు పెట్టేవారు తప్పక చూడవలసిన దారి ఇంకొకటి ఉంది. కార్డును మదర్‌బోర్డుతో కలిపే దారిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. వీర్యామ్ నిండిపోయినప్పుడు పట్టని సమాచారం మత్తడి దూకి కంప్యూటర్ మామూలు ర్యామ్‌లోకి పోతుంది, దాన్ని మళ్లీ ఈ దారిలోనే తెచ్చుకోవాలి. 2022 నాటి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 జీబీ మెమరీయే ఉండగా, ఈ దారిలో నాలుగే వరుసలున్నాయి. నాలుగో తరం పీసీఐ ఉన్న బోర్డులో వాటి గుండా సెకనుకు దాదాపు 8 గిగాబైట్లు వస్తే, మూడో తరం బోర్డులో 4 గిగాబైట్లే వస్తాయి. ఇంటెల్ పదో తరం వరకు డెస్క్‌టాప్ ప్రాసెసర్లన్నీ మూడో తరం పీసీఐకో, అంతకంటే పాతదానికో పరిమితం. బీటెక్‌లో చేరేటప్పుడు అన్నకు కొన్న కంప్యూటర్ తమ్ముడి చేతికి వచ్చే మన ఇళ్లలో చాలా యంత్రాలు ఈ కోవలోకే వస్తాయి. చవక కార్డు వాటిలోనే మరింత బలహీనపడుతుంది. ఇంటెల్ 2024 డిసెంబర్‌లో 249 డాలర్లకు విడుదల చేసిన ఆర్క్ బీ580కి 12 జీబీ, 192 బిట్లు ఉన్నా, మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చూడగలిగే రీసైజబుల్ బార్ సదుపాయం లేని పాత బోర్డులో దాన్ని పెట్టడం డబ్బు వృథా చేయడమే.

అసలు లోపం కార్డుదేనా అన్నది ముందు తేల్చుకోవాలి, అందుకు పైసా ఖర్చు లేదు. ఆటలో రిజల్యూషన్, అంటే చుక్కల సంఖ్య, తగ్గించి చూసినప్పుడు సెకనుకు వచ్చే దృశ్యాల సంఖ్య పెరిగితే లోపం కార్డుది. పెరగకపోతే ప్రాసెసర్‌ది, అప్పుడు ఎంత గొప్ప కార్డు కొన్నా ఫలితం ఉండదు.

కరెంటు లెక్కను దుకాణాల్లో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందేది 75 వాట్లు; అంతకు మించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి, అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చే పెట్టె నుంచి, ఆరు పిన్నుల తీగతో మరో 75, ఎనిమిది పిన్నుల తీగతో 150 వాట్లు రావాలి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద రాసి ఉన్న వాట్లను నమ్మి 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060ని తగిలించడం బోర్డుకు, కార్డుకు రెండింటికీ ముప్పు. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లే ఇవ్వగలదు. ఆట మంచి ఊపులో ఉండగా కరెంటు పోతే కార్డు, ప్రాసెసర్, తెర మూడింటి బరువును అది మోయలేకపోవచ్చు. పైన తక్కువ చేసి చెప్పిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050కి ఈ విషయంలో న్యాయం చేయాలి: అది 70 వాట్లతోనే నడుస్తుంది, వేరే తీగ అక్కర్లేదు, ఆఫీసుల నుంచి వచ్చిన పాత డబ్బాలోనూ ఇమిడిపోతుంది.

వేడి సంగతి ఇక్కడి వారికి ప్రత్యేకం. చల్లగదిలో 23 డిగ్రీల దగ్గర కొలిచిన ఫలితాలను చదివి కార్డు కొంటే, వరంగల్‌లో మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉండి, స్లాబు కింది గది రాత్రి పదింటికి కూడా చల్లారని రోజుల్లో ఆ ఫలితాలు వర్తించవు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే కార్డు కూడా దాదాపు అన్ని డిగ్రీలు అదనంగా వేడెక్కుతుంది, ఫ్యాన్ల మోత పెరుగుతుంది, ఒక హద్దు దాటాక చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కార్డు తీసుకునే వాట్లకు 80 శాతం దగ్గర పరిమితి పెట్టడం ఎండాకాలంలో మంచి అలవాటు. వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది.

ఇంతవరకు సాగిన వాదనను బట్టి జీబీ అంకెను పక్కనబెట్టి, తూమును, తీగను, వాట్లను చూసి కొనమని చెప్పడమే మిగిలిందనిపిస్తుంది. ఈ శీర్షిక ఇన్నాళ్లూ చెప్పినదీ అదే. కాని గత మూడు నాలుగేళ్లలో వచ్చిన పెద్ద ఆటలు ఆ మాటను నిలవనీయడం లేదు. టెక్స్చర్ల పరిమాణం పెరిగింది, కాంతి కిరణాల దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్ తప్పనిసరైన ఆటలు 2024 చివరి నుంచి వస్తున్నాయి, ఆ లెక్కకూ మెమరీ కావాలి. చిప్పు గీసిన రెండు దృశ్యాల నడుమ మరో దృశ్యాన్ని కల్పించే ఫ్రేమ్ జనరేషన్‌కూ మెమరీయే కావాలి. చిప్పు బలం చాలకపోతే ఉపాయాలున్నాయి: నీడలు తగ్గించవచ్చు, తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ పద్ధతులు వాడవచ్చు. మెమరీ చాలకపోతే ఆ ఉపాయాలు అంతగా అక్కరకు రావు. సగటున 60 దృశ్యాలు వస్తున్నా నడుమ నడుమ తెర బిగుసుకుపోతుంది, గోడలు, ముఖాలు మసకబారుతాయి. పైగా, మెమరీ ఉన్నంతవరకు టెక్స్చర్ల నాణ్యత పెంచినందువల్ల చిప్పు మీద పడే భారం బహు స్వల్పం. అందుకే ఆర్‌టీఎక్స్ 4060 చిప్పు 3060 కంటే వేగమైనదే అయినా, 8 జీబీ చాలని ఆటల్లో పాత 12 జీబీ కార్డే నిలకడగా సాగుతుంది. ఎండిన చెరువుకు తూము ఎంత వెడల్పుంటే ఏం లాభం?

రెండేళ్లకోసారి కార్డు మార్చగలవారికి ఇది పెద్ద విషయం కాదు. ఒకసారి కొంటే ఆరేడేళ్లు వాడి, ఆ తర్వాత తమ్ముడికో చెల్లెలికో ఇచ్చే ఇంటికి మాత్రం లోతు ముఖ్యం, ఎందుకంటే కార్డు మెమరీ తర్వాత పెంచుకోగలిగేది కాదు; దానికి పూడికతీత లేదు. ఆ దుకాణం కాగితంలో అంకె ఒక్కటే ఉండటం తప్పు, కాని ఆ అంకెను ముందు రాయడం తప్పు కాదు, "ఎన్ని జీబీ?" అని మొదట అడిగే కుర్రవాడిని ఈ శీర్షిక ఇన్నాళ్లూ తొందరపడి మందలించింది.

దీనితో మరో పాత పట్టుదల కూడా సడలక తప్పదు. సెకండ్ హ్యాండ్ కార్డు వద్దే వద్దన్న మాటకు కారణం, 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం వ్యవస్థ తన పద్ధతి మార్చుకున్నాక, అంతవరకు రాత్రింబవళ్లు క్రిప్టో లెక్కలు చేసిన కార్డులు గుట్టలుగా బజారులోకి రావడం. అయినా 25 వేలు మించి పెట్టలేని ఇంటికి, మూడో తరం పీసీఐ బోర్డుకు, 16 వరుసల దారి, 12 జీబీ లోతు రెండూ ఉన్న వాడిన ఆర్‌టీఎక్స్ 3060 ఈరోజు కొత్త 8 జీబీ కార్డు కంటే మేలైన బేరం కావచ్చు. బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, మిగిలిన వారంటీ చూసుకోవాలి. అరగంట సేపు పెద్ద ఆట నడిపించి, వేడిని, ఫ్యాన్ల శబ్దాన్ని గమనించాలి. ఇంకా పాతదైన జీటీఎక్స్ 1060 తరం జోలికి మాత్రం పోరాదు. కొత్త ఆటలకు తగిన డ్రైవర్లను, అంటే కార్డును కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌ను, ఆ తరానికి ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. కాజీపేటలో బండెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయల్దేరేవారు పాత ఎస్‌ఎంపీఎస్ మీది కాగితాన్ని, బోర్డు పేరును ఫోన్‌లో ఫోటో తీసి వెంట తీసుకుపోవాలి; అక్కడ ఏ దుకాణంలోనైనా బేరం మొదలయ్యేది ఆ రెండూ చూపించాకే.