ఆఖరి ప్రదర్శన తర్వాత మొదలయ్యే పని

విదేశం వెళ్లే కళాబృందం చేతికి ముందుగానే ఒక కార్యక్రమ పట్టిక వస్తుంది. దిగిన రోజు స్వాగతం, మర్నాడు రిహార్సల్, ఆపైన ఊరూరా ప్రదర్శనలు, మధ్యలో ఒక బడిలో పరిచయ కార్యక్రమం, ఒక సాయంత్రం పెద్దల విందు. అన్నిటికీ గంటలూ నిమిషాలూ వేసి ఉంటాయి. ఆఖరి ప్రదర్శనకూ తిరుగు విమానానికీ నడుమ ఉండే రోజుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'విశ్రాంతి, స్థానిక సందర్శన' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ రోజుల్లో పిల్లలు సముద్రం ఒడ్డుకు పోతారు, పెద్దలు బజారుకు పోతారు, రాత్రికి అందరూ సూట్‌కేసుల బరువు తూచుకుంటారు.

హనుమకొండలో పిల్లలకు పేరిణి నృత్యం నేర్పుతూ, ఒక బృందం వెంట మారిషస్ వెళ్లొచ్చిన మనిషిగా ఈ వారం ఆ ఆఖరి రోజుల గురించే రాస్తున్నాను. రెండు దేశాల కళలు ఒకదాన్నొకటి నిజంగా తాకేది అప్పుడే అని నా నమ్మకం.

వేదిక మీద జరిగేది వేరు. లైట్లు కళ్లల్లో పడుతుంటాయి, ఎదుట ఎవరున్నారో కనపడదు. మృదంగం మీద దెబ్బ పడగానే ఒళ్లు అలవాటైన దారిలో కదిలిపోతుంది. మనకొచ్చింది మనం చేస్తాం. చప్పట్లు వస్తాయి, శాలువా వస్తుంది, తెర పడుతుంది. అవతలివాళ్లకు ఏం ఆట వచ్చో, వాళ్ల పాదం నేల మీద ఎలా పడుతుందో తెలుసుకునే వీలు ఆ గంటలో లేదు. వచ్చినవాళ్లు చూపించేవాళ్లు, ఉన్నవాళ్లు చూసేవాళ్లు. అంతవరకే.

పేరిణి గురించి ఓరుగల్లు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా ఒక సంగతి గుర్తు చేయాలి. ఇది తెగిపోయి మళ్లీ నిలబడ్డ కళ. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో 'నృత్త రత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల ఆ సంస్కృత గ్రంథంలో మొదటి నాలుగు మార్గ పద్ధతికి, చివరి నాలుగు దేశి ఆటలకు ఇచ్చాడు. పేరణి అన్న పేరుతో మన పేరిణి వివరం ఆ దేశి భాగంలో ఉంది. అంతకు నలభై ఏళ్ల ముందు, 1213లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి మీద ఆడేవాళ్లూ మద్దెల వాయించేవాళ్లూ రాతిలో నిలిచిపోయారు. 1323లో ఓరుగల్లు కోట పడిపోయింది. ఆ తర్వాత గురువు పాదం నుంచి శిష్యుడి పాదానికి పేరిణి వచ్చే దారి మూసుకుపోయింది. 1970ల్లో నటరాజ రామకృష్ణ గారు జాయప గ్రంథాన్నీ రామప్ప శిల్పాన్నీ ఎదురెదురుగా పెట్టుకుని ఆ ఆటను తిరిగి లేపారు. మేమంతా ఆయన వేసిన అడుగుల్లో నడుస్తున్నవాళ్లం.

తెలుగువాళ్లున్న దేశానికి ఇలాంటి కళ వెళ్లినప్పుడు సభలో ఎవరో ఒకరు ఒక మాట అంటారు. 'మీ తాతల కళను మీ గడపకు తెచ్చాం' అని. ప్రేమతో అనే మాటే. మారిషస్ తెలుగువాళ్ల చరిత్ర దగ్గర అది నిలవదు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవికి వెళ్లారు. వాళ్లు దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జనంలో తెలుగువాళ్లు ఎక్కువగా విశాఖ, గంజాం, గోదావరి తీరాల వాళ్లు. కోరంగి లాంటి రేవుల్లో ఓడెక్కి, చెరకు తోటల్లో పనికి దిగారు. వాళ్ల ఊళ్లకు రామప్ప గుడి ఎక్కడో దూరం. వాళ్లు వెంట తెచ్చుకున్నది సింహాద్రి అప్పన్నను, అమ్మోరు పండుగను, రామభజనను. ఉగాది ఆ దేశంలో సెలవు రోజు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. హనుమాజీపేట మిద్దె రాములు గారు ఒగ్గుకథను ఆ సభల దాకా తీసుకెళ్లారు. మనవాళ్ల రాకపోకలు పాతవే. ఆ రాకపోకల్లో మనం ఏం వినొచ్చాం, ఏం చూసొచ్చాం అన్నదే నా ప్రశ్న.

చివరి ప్రదర్శన అయిన మర్నాడు సాయంత్రం మమ్మల్ని ఒక పల్లెలోని గుడికి రమ్మన్నారు. మాకోసం పెట్టిన కార్యక్రమం కాదు, వాళ్లకోసం వాళ్లు చేసుకునే భజన. నడుమ ఎత్తైన దీపపు స్తంభం, వెలుగుతున్న వత్తులు, చుట్టూ ఆడా మగా గుండ్రంగా నిలబడ్డారు. పాట ఎత్తుకోగానే ఆ వలయం నెమ్మదిగా తిరగసాగింది. దీపం వైపు వంగుతూ, మళ్లీ నిటారవుతూ, చప్పట్లతో తాళాలతో అడుగు చిక్కబడుతూ పోయింది. బతుకమ్మ చుట్టూ ఆడి పెరిగిన మా అమ్మాయిలు తొందరగానే అందులో కలిశారు. మగపిల్లలకు సమయం పట్టింది. పేరిణిలో తాళం పడే చోటే కాలు పడాలని మేం నేర్పుతాం. అక్కడ అడుగు పాట ఊపిరిని బట్టి పడుతుంది. పాడేవాళ్లు గాలి పీల్చుకునే చోట వలయమంతా ఒక్క లిప్త ఆగి మళ్లీ కదులుతుంది.

నా పక్కన ఒక పెద్దాయన పాడుతున్నారు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. తెలుగు మాట పొడిపొడిగా వస్తుంది. పాట మాత్రం ఎత్తుగడ నుంచి ముగింపు దాకా ఎక్కడా తడబడలేదు. ఒళ్లో ఉన్న పాత నోటుబుక్కులో పాటలన్నీ రోమన్ లిపిలో రాసి ఉన్నాయి. 

"ఎవరు నేర్పారు తాతా?" అని అడిగాను.

"నాన్న" అన్నారు. కాసేపాగి, "నాన్నకు, వాళ్ల నాన్న" అన్నారు.

ఆ జవాబు నన్ను ఇప్పటికీ వదల్లేదు. మా గురుపరంపర మధ్యలో ఆరున్నర శతాబ్దాల ఖాళీ ఉంది. మాకు దారి చూపింది ఒక పుస్తకం, ఒక గుడి, ఆ రెండింటినీ చదవగలిగిన ఒక మనిషి. ఆ పెద్దాయనకు నేర్పింది వాళ్ల నాన్న. ఓడలోనూ, చెరకు తోటలోనూ, చివరికి నోట్లో మాట మారిపోయినా, ఆ భజన తండ్రి నుంచి కొడుక్కి చేరుతూనే ఉంది. రాజుల పేరూ శాస్త్రం పేరూ చెప్పుకునే ఆటతో వెళ్లిన మేము, కూలీ బతుకుల్లో తెగకుండా నడిచిన ఆ ఆట ముందు శిష్యుల్లా కూర్చోవాలని అప్పుడు అర్థమైంది. దీనివల్ల పేరిణి చిన్నబోదు. మళ్లీ కట్టుకున్న కళకే ఇలాంటి పాఠం ఎక్కువ అవసరం. గ్రంథంలో అడుగు లక్షణం దొరుకుతుంది. శిల్పంలో అడుగు నిలిచిన తీరు దొరుకుతుంది. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు ఒళ్లు ఏ దారిన పోవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తరాల తరబడి ఆడుతూ వచ్చిన మనుషుల్ని చూసే తెలుసుకోవాలి.

ఆ మరుసటి పొద్దున సేగా ఆడేవాళ్లతో గడిపాం. బానిసలుగా ఆ దీవికి చేరిన ఆఫ్రికా, మడగాస్కర్ మనుషుల్లో పుట్టిన ఆట అది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. తోటల్లో వాళ్లు వదిలిన పనికే మన కూలీల్ని ఓడల్లో ఎక్కించారు. ఆ రెండు జాతుల కష్టం ఒకే నేల మీద పడింది. సంప్రదాయ సేగాను యునెస్కో 2014లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలోకి తీసుకుంది.

సేగాకు ఆధారం రవాన్ అనే వాద్యం. వెడల్పాటి గుండ్రని చట్రానికి మేకతోలు బిగించి ఉంటుంది. వాయించే ముందు మంటకు కాచి తోలు బిగుసుకునేలా చేస్తారు. ఆ సముద్రపు గాలికి రోజూ మా మృదంగం మూతలు సడలుతుంటే అవస్థ పడుతున్న మాకు అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. మాతో వచ్చిన డప్పు కళాకారుడు ఎవరూ పిలవకుండానే వెళ్లి ఆ మంట దగ్గర కూర్చున్నాడు. వేలితో ఒకసారి తట్టి, చెవి ఒగ్గి విని, ఇంకా కాగాలన్నట్టు చెయ్యి ఊపాడు. అవతలాయన నవ్వి మళ్లీ మంటకు పట్టాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. తోలు ఎప్పుడు పలుకుతుందో ఇద్దరికీ తెలుసు.

నాకు దొరికిన పాఠం పాదాల్లో ఉంది. సేగాలో పాదం నేలను విడవదు. మోకాళ్లు వంచి, అరికాలు నేలకు రాస్తూ, కదలికంతా నడుములో ఉంచుతారు. పేరిణి దానికి ఎదురు. మా కాలు లేస్తుంది, నేల అదిరేట్టు పడుతుంది. పేరిణికి ప్రాణం ఘర్ఘరం, అంటే కాలి గజ్జెల్ని ఒక వాద్యంలా పలికించడం. అన్ని గజ్జెలూ ఒక్కసారి మోగాలి, కొన్నే మోగాలి, అడుగు పడినా గజ్జె పలకకుండా ఉండాలి. పెద్దగా మోగించడం పిల్లలకు త్వరగానే వస్తుంది. సన్నగా పలికించడానికి ఏళ్లు పడుతుంది. కాలు ఎత్తాలన్న తొందరలో బలమంతా పిక్కల్లో పెట్టేస్తారు, ఒంటి బరువు నేలను వదిలేస్తుంది.

సేగా ఆడే ఒకామె మా పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి, నేల విడవకుండా బరువును ఒక పాదం మీంచి ఇంకో పాదం మీదికి మోకాళ్లలోంచి ఎలా జార్చాలో చేసి చూపింది. చాలాసేపు చేయించింది. మా పిల్లవాడొకడు గజ్జెలు కట్టుకొచ్చి అదే కదలిక ప్రయత్నించాడు. గజ్జెలు చెల్లాచెదురుగా మోగలేదు. సన్నగా, ఎడతెగకుండా, కాలి కింద ఒకే నాదంగా పలికాయి. మేం ఎన్నాళ్లుగానో పిల్లల దగ్గర కోరుతున్న ఘర్ఘరం పేరిణి పేరు వినని మనిషి చేతి మీదుగా అందింది.

ఊరికి వచ్చాక మా తరగతి క్రమం మారింది. కొత్తగా చేరిన పిల్లలకు ఇప్పుడు వెంటనే గజ్జె కట్టను. నేల మీద బరువు జార్చడం ముందు, అడుగు ఎత్తడం తర్వాత, గజ్జె అన్నిటికన్నా చివర. పేరిణి రూపంలో ఒక్క భంగిమా మార్చలేదు. దాన్ని చేరే దారి మెరుగైంది.

ఇదంతా ఆఖరి రోజుల్లోనే ఎందుకు సాధ్యమైంది? అప్పటికి ప్రదర్శన భయం తీరిపోయి ఉంటుంది. ఆహార్యం పెట్టెలోకి వెళ్లి, ముఖాన రంగు కడిగేసి, మనుషులు మామూలు బట్టల్లో ఉంటారు. అన్ని రోజులు అన్నం పెట్టినవాళ్లకూ తిన్నవాళ్లకూ పేర్లు తెలిసిపోయి, 'సార్', 'మేడమ్' పోయి 'అన్నా', 'అక్కా' వచ్చేస్తాయి. అవతలివాళ్లు కూడా మన ఆట చూసేశారు గనక, ఇప్పుడు తమది చూపించడానికి సంకోచించరు. ఆ చనువు మొదటి రోజు ఎంత అడిగినా రాదు. అది వచ్చే వేళకు మనం బజార్లో ఉంటే ప్రయాణం సగంలో ఆగిపోయినట్టే.

ఇవ్వడం కూడా ఆ రోజుల్లోనే కుదురుతుంది. మోకా అనే ఊళ్లో 1970లో స్థాపించిన మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగుతో పాటు మన సంగీత నృత్యాలు ఏళ్లుగా నేర్పుతున్నారు. ఒళ్లు సాధన చేసిన యువత ఆ దేశంలో ఉన్నారు. వాళ్లకు ఒకటి రెండు రోజుల్లో పేరిణి అంతా నేర్పుతామనడం తగదు. ఒక్క జతి ఇవ్వొచ్చు, సరిగ్గా ఇవ్వొచ్చు. మేం సొల్లుకట్టును, అంటే అడుగుల తాళపు అక్షరాల్ని, నోటితో మెల్లగా చెబుతూ, గజ్జెలు లేకుండా అడుగు వేయించాం. ఆడే మనిషిని వెనక నుంచి వీడియో తీశాం, చూసి నేర్చుకునేవాళ్లకు కుడి ఎడమలు తారుమారు కాకుండా. పాదాలు మాత్రమే కనిపించేలా ఇంకోసారి తీశాం. సొల్లును వాళ్లు చదవగలిగే లిపిలో రాసిచ్చాం. కళను వదిలి రావడమంటే ఇలాంటి చిన్న చిన్న పనులే.

జాయప సేనాని కూడా చుట్టూ ఉన్న ఆటల్ని చూడకుండా దేశి భాగం రాయలేదు. పేరణితో పాటు దండరాసకం, చర్చరి, కందుక నృత్తం లాంటి జనం ఆటలకు శాస్త్రంలో చోటిచ్చాడు. ఏనుగుల దళాన్ని నడిపిన మనిషి ఇతరుల పాదాల్ని అంత శ్రద్ధగా చూశాడు. పేరిణిని మళ్లీ లేపిన నటరాజ రామకృష్ణ గారు 1923లో పుట్టింది ఇండోనేషియాలోని బాలి దీవిలో. మన ఆటను 'మనది' అని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ రెండు సంగతులూ మనసులో ఉండాలి. బయటి ఆటను చూసే కన్ను ఈ కళ పుట్టుకలోనే ఉంది.

1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి మొదలుకొని రాష్ట్ర సాంస్కృతిక శాఖ, తెలుగు సంఘాల దాకా బృందాల్ని పంపేవాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. ఆఖరి రోజుల్ని పట్టికలో ఖాళీగా వదలకండి. అవి నేర్చుకునే రోజులని ముందే రాయండి. బృందంలో ఒక వాద్యకారుడికీ ఒక యువ నర్తకుడికీ ఆ దేశపు ఆట ఒకటి నేర్చుకుని రమ్మని పని అప్పజెప్పండి. తిరిగొచ్చాక కాళోజీ కళాక్షేత్రంలో ఒక సాయంత్రం వాళ్లకివ్వండి. రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ కట్టడమయ్యాక మన దగ్గరికి వచ్చే అతిథులూ పెరిగారు. వాళ్లలో మారిషస్ భజన బృందం ఉంటే, మన ఆట చూపించి పంపేయకుండా, నడుమ దీపం పెట్టి ఒక రాత్రి వాళ్లకు వదిలేద్దాం. మన పిల్లలు ఆ వలయంలో నిలబడాలి.

ఈసారి మన ఊరి బృందం ఏ దేశం వెళ్లొచ్చినా, ఎన్ని ప్రదర్శనలిచ్చారు, ఎవరు సన్మానించారు అని అడగడం ఆపుదాం. ఏం నేర్చుకొచ్చారో చేసి చూపించమని అడుగుదాం.